ఇంటి వాకిట్లో 12 అడుగుల చేపల పడవ: అట్టముక్క నమూనా నుంచి కృష్ణలో దించేదాకా

పడవ కడదామని పిలిస్తే మా వీధి వడ్రంగి అడిగిన మొదటి ప్రశ్న, "మూలమట్టం ఎక్కడ పెట్టాలండీ దీనికి?" తలుపైనా మంచమైనా మూల 90 డిగ్రీలు వచ్చిందంటే సగం పని అయినట్టే. పడవలో అలాంటి మూల ఒక్కటీ ఉండదు. నాలుగు రోజులు ఇద్దరం తల పట్టుకున్నాక తెలిసొచ్చింది, ఇందులో వడ్రంగం తక్కువ, జిగురు పని ఎక్కువని. రంపం పని రెండు ఆదివారాల్లో తేలిపోయింది. జిగురు, గరుకు కాగితం, మళ్లీ జిగురు, వీటికి రెండు నెలలు పట్టింది. కాబట్టి ఈ వ్యాసంలోనూ కోత గురించి క్లుప్తంగా, జిగురు గురించి విసుగొచ్చేంత వివరంగా రాస్తున్నాను.

మాది తాడేపల్లి. వాకిలి 16 అడుగులు, అందులో స్కూటర్ పోను మిగిలేది 13. అందుకే పడవ 12 అడుగులు. మీరు కూడా కొలత పడవ దగ్గర మొదలుపెట్టకండి. ముందు వాకిలి కొలవండి, తర్వాత గేటు కొలవండి. ఈ పడవ వెడల్పు దాదాపు 4 అడుగులు. గేటు మూడున్నర అడుగులే ఉంటే పక్కకు ఒరిగించి తీయాలి, దానికి పైన చోటుండాలి.

ఇది ఏ నీళ్లకు పనికొస్తుంది?

చెరువులకు, కాలువలకు, ప్రకాశం బ్యారేజీ ఎగువన నిలకడగా ఉండే నీటికి పనికొస్తుంది. ఇద్దరు మనుషులు, ఒక విసురు వల, నాలుగు గేలాలు, ఒక ఐసు పెట్టె. అంతే. నిజాంపట్నం, సూర్యలంక వైపు అలల్లోకి దీన్ని తీసుకెళ్లే ఆలోచన ఉంటే ఇక్కడితో చదవడం ఆపేయండి. బల్లపరుపు అడుగున్న పడవ నిలకడ నీటిలో మంచంలా కుదురుగా ఉంటుంది. అలల్లో మాత్రం టపటపా కొట్టుకుంటుంది, అడ్డం తిరిగితే నీళ్లు ఎక్కించుకుంటుంది.

పలకలా, ప్లైవుడ్డా?

మన దగ్గర పడవ అంటే పాత పద్ధతిలో పలకలు పేర్చి, వంక చెక్కలకు సీలలు కొట్టి, సందుల్లో దూది కూరి, గుగ్గిలమో తారో పూసేది. చక్కటి పద్ధతే. కానీ ఆ పడవ నీళ్లలోనే ఉండాలి. చెక్క తడికి ఉబ్బితేనే సందులు మూసుకుంటాయి. నెల రోజులు ఎండలో పెడితే పలకలు కుంచించుకుపోయి, మళ్లీ దించిన రోజు జల్లెడలా కారుతుంది. వారానికొకసారి నదికి వెళ్లి, మిగతా ఆరు రోజులు పడవను ఇంట్లో బోర్లించే మనలాంటి వాళ్లకు అది కుదరదు. కొల్లేటి తాటి దోనె ఇంకా తేలికైన దారే కానీ, అంత లావు మొదలున్న తాడిచెట్టు వెతుక్కోవాలి, తొలిచే చెయ్యి తిరిగినవాడు దొరకాలి.

ప్లైవుడ్ ముక్కలను తీగతో కుట్టి, సందులకు ఎపాక్సీ జిగురు పట్టించి, పైన ఫైబర్ (గాజు పోగుల) గుడ్డ అంటించడం మూడో దారి. 1963లో ఇంగ్లండులో మిర్రర్ అనే చిన్న తెరచాప పడవతో ఈ కుట్టి అతికే పద్ధతి ఇంటింటికీ చేరింది. కుట్టడం మాత్రం మనకు కొత్తదేమీ కాదు. కోరమాండల్ తీరంలో అలలు దాటించిన మసూలా పడవలు సీల అన్నదే లేకుండా కొబ్బరి తాడుతో పలకలు కుట్టి కట్టినవే. అప్పుడు కుట్టే పడవను పట్టి ఉంచేది. ఇప్పుడు జిగురు ఆరేదాకా ముక్కలను కదలకుండా పట్టుకుంటే చాలు, తర్వాత కుట్టు విప్పేస్తాం.

ఎప్పుడు మొదలుపెట్టాలి?

దీపావళి వెళ్లాక. ఇది ముహూర్తం మాట కాదు. ఎపాక్సీ వేడికి తొందరగా గట్టిపడుతుంది. మోటు లెక్కన 10 డిగ్రీలు పెరిగితే చేతిలో ఉండే సమయం సగమవుతుంది. 25 డిగ్రీల దగ్గర అరగంట పనిచేసుకోనిచ్చే జిగురు, బెజవాడ మే నెల మధ్యాహ్నం పది నిమిషాలు కూడా ఆగదు. వానాకాలంలో ఇంకో బాధ: గాలిలో తేమకు జిగురు మీద జిడ్డు పొర కడుతుంది, చెక్కా చెమ్మగా ఉంటుంది. కార్తీకంలో మొదలుపెడితే సంక్రాంతి దాటాక నీళ్లలో దించొచ్చు. అప్పుడైనా జిగురు పని ఉదయం పదిలోపే ముగించండి.

సామాను

ఐఎస్ 710 ముద్ర (నీటికి తట్టుకునే ప్లైవుడ్‌కు భారతీయ ప్రమాణం) ఉన్న మెరైన్ ప్లైవుడ్, 8 అడుగులకు 4 అడుగుల షీట్లు: 6 మిల్లీమీటర్లది ఒకటి, 9 మిల్లీమీటర్లవి రెండు.
ఎపాక్సీ రెసిన్, దాన్ని గట్టిపరిచే హార్డెనర్ కలిపి సుమారు 10 కిలోలు.
చదరపు మీటరుకు 200 గ్రాముల బరువుండే నేసిన ఫైబర్ గుడ్డ: అడుగు మొత్తం కప్పడానికి, కొంచెం మిగలడానికి 4 మీటర్లు. అదే రకం 3 అంగుళాల పట్టీ 30 మీటర్లు.
అంచు పట్టీలకు టేకు, అడుగు పట్టీలకు మద్ది.
బైండింగ్ వైరు, స్టెయిన్‌లెస్ స్క్రూలు, చేతి తొడుగులు (వంద ఉన్న డబ్బానే కొనండి, అయిపోతాయి), ముక్కుకు మంచి మాస్కు, గ్రాముల్లో తూచే చిన్న త్రాసు.

ప్లైవుడ్ దగ్గర నేను మోసపోయాను. వన్‌టౌన్‌లో ఒక షాపులో "మెరైనే సార్, కళ్లు మూసుకుని తీసుకెళ్లండి" అన్నారు. నిజంగానే కళ్లు మూసుకుని తెచ్చాను. అనుమానం వచ్చి ఓ ముక్క గిన్నెలో వేసి మరిగిస్తే మూడో గంటకే పొరలు పుస్తకంలా విచ్చుకున్నాయి. ఐఎస్ 710 షీటు 72 గంటలు మరిగించే పరీక్షకు నిలవాలి. మనం అంతసేపు గ్యాస్ తగలెయ్యక్కర్లేదు. అరచేయంత ముక్క అడిగి తెచ్చుకుని, ఒక పూట మరిగించి, ఆరాక ఉలితో పొరలు లేపి చూడండి. సులువుగా ఊడొస్తే ఆ షీటు వద్దు. పాత గిన్నె వాడండి. ఆ వాసన ఎన్నిసార్లు తోమినా వదలలేదు, ఆ గిన్నె ఇప్పుడు నా రంగు డబ్బాల మధ్య ఉంది.

షీటు అంచును కూడా పరీక్షగా చూడాలి. లోపలి పొరల్లో ఖాళీలు కనిపిస్తే తిరిగిచ్చేయండి. ఆ ఖాళీ నీటికి సొరంగమే.

రెసిన్, గుడ్డ ఎక్కడ దొరుకుతాయో ఆటోనగర్‌లో బస్సు బాడీలు కట్టే దగ్గర ఫైబర్ పనివాళ్లను అడిగితే చెబుతారు. కాకపోతే వాళ్లు రోజూ వాడేది పాలియెస్టర్ రెసిన్. అది చవకే కానీ చెక్కను ఎపాక్సీ పట్టుకున్నట్టు పట్టుకోదు, కొన్నాళ్లకు పొర లేస్తుంది. అలాగే వాళ్లిచ్చే దూది పరుపులాంటి మ్యాట్ కూడా తీసుకోకండి. అందులో పోగులను అంటించి ఉంచే పదార్థం పాలియెస్టర్‌లో ఉండే స్టైరీన్‌కు కరుగుతుంది, ఎపాక్సీకి కరగదు. నేసిన గుడ్డే కావాలని గట్టిగా అడగండి.

ముందు అట్టముక్క పడవ

ఒక అంగుళం ఒక అడుగుగా లెక్కేసి పెళ్లి శుభలేఖ అట్టతో చిన్న పడవ చేయండి. రెండు పక్కలకు 12 అంగుళాల పొడవు, అంగుళం పావు కంటే కొంచెం ఎక్కువ వెడల్పున్న పట్టీలు. ముందు కొసలను టేపుతో కలిపి, మధ్యలో పక్కలను విప్పార్చి ఉంచే అచ్చు ముక్క, వెనక చెక్క ముక్క పెట్టి చూడండి. అంచులు తిన్నగా ఉన్న పట్టీనే పైకి వెడల్పయ్యేలా వాల్చి వంచేసరికి రెండు కొసలూ వాటంతట అవే పైకి లేస్తాయి. పడవ అడుగున కనిపించే ఆ సన్నటి వంపు ఎవరూ గీసింది కాదు, వాలు వల్ల వచ్చింది. మా వడ్రంగికి నేను గంటసేపు చెప్పినా నమ్మనిది, ఈ అట్ట పడవను చేతిలో పెట్టగానే నమ్మాడు. ఆ తర్వాత నా కంటే అతనే హుషారయ్యాడు.

అసలు కొలతలు ఇవి. మధ్య అచ్చు, అంటే ముక్కు నుంచి 7 అడుగుల దగ్గర నిలబెట్టే తాత్కాలిక చట్రం: కింద 34 అంగుళాలు, పైన 46, ఎత్తు పద్నాలుగున్నర. వెనక చెక్క: కింద 28, పైన 36, ఎత్తు సుమారు 15. ముక్కును మన తీరంలో అణియం అంటారు, వెనక భాగాన్ని అమరం అంటారు. ఇకపై ఆ మాటలే వాడతాను.

ఎంత బరువు మోస్తుందో ఇక్కడే లెక్క చూసుకోవచ్చు. నీటిని ఆనే అడుగు వైశాల్యం దాదాపు 2.3 చదరపు మీటర్లు. అంటే పడవ ఒక సెంటీమీటరు దిగితే 23 లీటర్ల నీరు పక్కకు తప్పుకుంటుంది, 23 కిలోలు మోస్తుంది. పడవ 60 కిలోలు, ఇద్దరు మనుషులు 140, సామాను 30, మొత్తం 230 కిలోలు. మునక 10 సెంటీమీటర్లు. అడుగు వంపుగా ఉంటుంది కాబట్టి ఇంకో రెండు కలుపుకోండి. అంచు నీటికి 9 అంగుళాలకు పైగా ఎత్తున మిగులుతుంది. మూడో మనిషి ఎక్కితే మునక పెద్దగా పెరగదు, కానీ అతను ఒక పక్కకు వంగినప్పుడు ఈ లెక్క పనిచేయదు. అందుకే ఇద్దరే.

కోత, అతుకు

6 మిల్లీమీటర్ల షీటును పొడవునా మూడు సమాన పట్టీలు చేయండి. రంపం తినేది పోగా ఒక్కోటి 15¾ అంగుళాలు వస్తుంది. రెండు పట్టీలు అలాగే ఉంచి, మూడోదాన్ని సగానికి కోస్తే 8కి 4 కలిపి 12 అడుగుల పక్కలు రెండూ ఒకే షీటులో వస్తాయి. ముక్క వృథా కాదు.

అతుకు పెట్టేచోట వెనకవైపు ప్లైవుడ్‌తో 8 అంగుళాల వెడల్పు పట్టు ముక్క ఎపాక్సీతో అంటించి, మీద ఇటుకలు పేర్చి ఒక రోజు వదిలేయండి. కింద ప్లాస్టిక్ కవరు పరచడం మరిచిపోతే పడవతో పాటు వాకిలి గచ్చు కూడా అతుక్కుంటుంది. 4 అడుగుల ముక్క ఎప్పుడూ అమరం వైపే ఉండాలి. పట్టు ముక్క ఉన్నచోట చెక్క బిగుసుకుంటుంది, వంగదు. ఎక్కువ వంపు అణియం దగ్గర కాబట్టి అక్కడ అతుకు లేని 8 అడుగుల ముక్క ఉండాలి. నేను మొదట తిరగేసి అంటించాను. వంచబోతే అతుకు దగ్గర మోకాలిలా మడత పడింది. ఊడదీసి మళ్లీ చేశాం.

రెండు పక్కలనూ ఒకదాని మీద ఒకటి బిగించి అణియం కొసను పైనుంచి కిందికి 4 అంగుళాలు లోపలికి వాలేలా కోయండి. తర్వాత అణియం అంచు, అడుగు అంచు, వెనక అంచు వెంట, చివర నుంచి 8 మిల్లీమీటర్లు లోపలికి, 6 అంగుళాలకొకటి చొప్పున సన్నటి చిల్లులు. అణియం దగ్గర 4 అంగుళాలకొకటి. వెనక చెక్కకు 9 మిల్లీమీటర్లవి రెండు పొరలు కలిపి అంటించండి.

కుట్టడం

ఇద్దరు కావాలి. ముగ్గురైతే సుఖం. ముందు అణియం దగ్గర రెండు పక్కలనూ తీగతో వదులుగా కుట్టి, వాటిని విప్పారదీసి మధ్య అచ్చు నిలబెట్టాలి. ఆ తర్వాత అమరం వైపు రెండు కొసలనూ దగ్గరికి లాగాలి. చేత్తో లాగితే జారి మొహాన కొడుతుంది. తాడు రెండు పేటలుగా చుట్టి, మధ్యలో కర్ర దూర్చి మెల్లగా మెలితిప్పండి. చెక్క కిర్రుమంటుంది, ఆ చప్పుడుకు టెన్షన్ పడకండి. మరీ మొండికేస్తే వంపు దగ్గర తువ్వాలు పరిచి వేణ్నీళ్లు పోసి అరగంట ఆగితే మెత్తబడుతుంది. జిగురు పెట్టే ముందు మాత్రం రెండు రోజులు ఆరాలి.

వెనక చెక్క కుట్టాక పడవను బోర్లించి, 9 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌ను (8 అడుగుల ముక్క, 4 అడుగుల ముక్క అతికినది) మీద పరిచి, కిందనుంచి పక్కల అంచు వెంట పెన్సిలు గీయండి. అడుగుకు కొలతలు ఇవ్వనిది అందుకే, పక్కలే ఆ గీత గీస్తాయి. బయటికి అర అంగుళం ఎక్కువ ఉంచి కోసి, చిల్లులు పెట్టి కుట్టండి. మిగిలింది తర్వాత తోపడా పట్టొచ్చు.

ఇప్పుడు ఆగండి. ఇక్కడ తొందరపడితే పడవ జీవితాంతం ఒక పక్కకే పోతుంది. అణియం కొన నుంచి అమరం రెండు పై మూలలకు తాడుతో కొలవండి, రెండూ సమానంగా రావాలి. తర్వాత తిన్నటి కర్రలు రెండు తీసుకుని ఒకటి మధ్య అచ్చు మీద, ఒకటి వెనక చెక్క మీద అడ్డంగా పెట్టి, దూరం నుంచి ఒంటికన్నుతో చూడండి. ఒక కర్ర వెనక ఇంకోటి దాక్కోవాలి. ఏటవాలుగా కనిపిస్తే పడవ మెలిక తిరిగినట్టే. ఒక మూల కింద చెక్క ముక్క పెట్టి సరిచేయండి. ఈ తనిఖీ రాత్రి ఒకసారి, పొద్దున ఒకసారి చేయండి. రాత్రికి రాత్రి చెక్క సర్దుకుని మీ లెక్క మార్చేస్తుంది.

జిగురు పని

నిష్పత్తి దగ్గర రాజీ లేదు. డబ్బా మీద ఏముంటే అదే. మన దగ్గర తరచుగా దొరికే లాపాక్స్ ఎల్-12 రెసిన్‌కు కె-6 హార్డెనర్ అయితే బరువులో 100 గ్రాములకు 10 గ్రాములు. వేరే కంపెనీది 100కు 50 ఉండొచ్చు. "ఇంకో మూత వేస్తే తొందరగా ఆరుతుంది" అని ఫైబర్ పనివాళ్లు చెబుతారు. పాలియెస్టర్‌లో ఆ మాట కొంతవరకు నిజం, ఎపాక్సీలో తప్పు. ఇక్కడ హార్డెనర్ రెసిన్‌తో కలిసి గట్టిపడే పదార్థంలో భాగమైపోతుంది. ఎక్కువైనా, తక్కువైనా ఆ మేరకు జత దొరకనిది మిగిలిపోయి ఎప్పటికీ బంకగానే ఉంటుంది. కాబట్టి త్రాసు పెట్టి తూయండి, రెండు నిమిషాలు గిన్నె అంచులు గీకుతూ కలపండి.

ఒకసారికి 100 గ్రాములకు మించి కలపకండి. కలిపిన వెంటనే వెడల్పాటి పళ్లెంలో పోయండి. జిగురు గట్టిపడుతూ వేడి పుట్టిస్తుంది. లోతు మగ్గులో ఆ వేడి బయటికి పోలేక ఇంకా తొందరగా గట్టిపడి, ఇంకా వేడెక్కుతుంది. నేను ఒకసారి పావుకిలో మగ్గులో కలిపి ఫోను వస్తే మాట్లాడి వచ్చేసరికి మగ్గు పొగలు కక్కుతోంది, అడుగు కరిగిపోయింది. ఆ పొగ పీల్చకూడదు. తొడుగులు లేకుండా ముట్టుకోకూడదు. మొదట్లో ఏమీ అనిపించదు, పదోసారికి చర్మం దద్దుర్లెక్కి ఇక జీవితాంతం ఎపాక్సీ సోకితే చాలు దురదలు మొదలయ్యేవాళ్లున్నారు.

వరస ఇది. ముందుగా కుట్టు తీగల మధ్య ఖాళీల్లో లోపలివైపు చిక్కటి జిగురు చుక్కలుగా పెట్టి ఒక రోజు ఆరనివ్వాలి. చిక్కబరచడానికి జల్లెడ పట్టిన మెత్తటి రంపపు పొట్టు చాలు. అతుకులకు ఇడ్లీ పిండి జారుడు, మూలలు నింపడానికి గారెల పిండి గట్టిదనం. గరిటెతో తీసి తిప్పితే కింద పడకూడదు. చుక్కలు ఆరాక తీగలన్నీ కత్తిరించి లాగేయండి. బైండింగ్ వైరు ఒక్క ముక్క లోపల మిగిలినా తుప్పు పట్టి జిగురును పగలగొడుతుంది. రాగి తీగ అయితే వదిలేసినా ఫర్వాలేదు కానీ ఖరీదు.

తర్వాత మూలలు నింపడం. పక్క, అడుగు కలిసేచోట గారెల పిండి లాంటి జిగురును పరిచి, అంగుళం గుండ్రన ఉండేలా కత్తిరించిన ప్లాస్టిక్ డబ్బా మూతతో ఒకే ఊపులో లాగాలి. మూల లోపల గుండ్రటి గట్టు ఏర్పడుతుంది. అది ఇంకా పచ్చిగా ఉండగానే 3 అంగుళాల ఫైబర్ పట్టీ పరిచి, పలచటి జిగురుతో బ్రష్ అద్దండి. గుడ్డ తెలుపు పోయి అద్దంలా కనిపించాలి. తెల్లటి మచ్చ మిగిలిందంటే అక్కడ గాలి ఉన్నట్టు. ఇదంతా ఒకే పూటలో కావాలి కాబట్టి గుడ్డ పట్టీలు ముందే కొలిచి, కత్తిరించి, తీగ మీద ఆరేసినట్టు వరసగా పెట్టుకోండి. ఒకరు కలపడానికి, ఒకరు పూయడానికి. ఆ పూట ఇంటికి చుట్టాలను పిలవకండి.

మర్నాడు ఆరిన జిగురు మీద చెయ్యి పెడితే నూనె జిడ్డులా తగలొచ్చు. దాని మీద ఇంకో పొర వేస్తే పట్టదు. గరుకు కాగితం పట్టినా జిడ్డు లోపలికే పోతుంది. ముందు మామూలు నీళ్లతో, గిన్నెలు తోమే స్క్రబ్బరుతో కడిగి, తుడిచి, ఆరాకే కాగితం పట్టాలి. ఈ ఒక్క ముక్క ముందే తెలిసుంటే నాకు ఒక వారం మిగిలేది.

లోపల అయ్యాక బోర్లించండి. బయటి మూలలను తోపడాతో, 80 నంబరు కాగితంతో గుండ్రంగా చేయండి. పదునైన అంచు మీద గుడ్డ కూర్చోదు. మూలలకు ముందు పట్టీ, తర్వాత అడుగు మొత్తానికి గుడ్డ, అది పక్కల మీదికి 3 అంగుళాలు దిగాలి. గుడ్డ నేత కనిపించకుండా పూడేదాకా మరో రెండు పొరలు పలచటి జిగురు. ప్రతి చిల్లూ లప్పంలా జిగురు పెట్టి పూడ్చాలి.

నీళ్లు చెక్కలోకి ఎక్కేది వెడల్పాటి ముఖం నుంచి కాదు, కోసిన అంచు నుంచి. అంచులో పొరల పోగులు గొట్టాల్లా తెరుచుకుని ఉంటాయి. కాబట్టి ప్రతి కోత అంచుకూ, ప్రతి స్క్రూ రంధ్రానికీ మూడుసార్లు జిగురు తాపాలి. మొదటిసారి పూసింది పావుగంటలో మాయమవుతుంది, చెక్క తాగేస్తుంది. మళ్లీ పూయాలి. సీతానగరం రేవులో ఒక పెద్దాయన నా పడవను వంగి చూసి చెయ్యి పెట్టింది అడుగు మీద కాదు, వెనక చెక్క పై అంచు మీద. "ఇక్కడే కుళ్లుద్ది బాబూ, చూసుకో" అన్నాడు. ఆయన జీవితంలో ఎపాక్సీ ముట్టుకుని ఉండడు.

బల్ల, అంచు, గాలి గదులు

పై అంచుకు ఒకటిన్నర అంగుళాల వెడల్పు, ముప్పావు మందం ఉన్న టేకు పట్టీ బయటివైపు కట్టండి. ఇది లేనంతవరకు పడవ గుడ్డ సంచిలా ఊగుతుంది, ఇది పడగానే బిగుసుకుంటుంది. టేకులో నూనె ఉంటుంది కాబట్టి అంటించే ముందు ఎసిటోన్ గుడ్డతో తుడవాలి. ఆ పట్టీ, నడుమ బల్ల బిగిసేదాకా మధ్య అచ్చును తీయకండి.

నడుమ బల్ల 9 అంగుళాల వెడల్పు, అంగుళం మందం. అణియంలో, అమరంలో మిగిలిన ప్లైవుడ్‌తో మూత వేసి గాలి గదులు చేయండి. వాటిలో మూత బిగించిన ఖాళీ రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసాలు 30 దాకా కుక్కితే, పడవ నీళ్లతో నిండినా 60 కిలోల ఎత్తుబలం మిగులుతుంది. గది మూత పగిలినా సీసాలు పనిచేస్తాయి. మా వీధి పిల్లలు రెండు వారాల్లో సీసాలన్నీ తెచ్చిచ్చారు, ఆ లెక్కన పడవలో వాటా కూడా అడిగారు.

అడుగున బయటివైపు మూడు మద్ది పట్టీలు పొడవునా వేయండి. రేవులో ఇసుక మీద ఈడ్చినప్పుడు గుడ్డ అరగకుండా అవి అరుగుతాయి. నడిమి పట్టీకి అమరం వైపు 3 అంగుళాల ఎత్తు రెక్క తగిలిస్తే పడవ తిన్నగా పోతుంది. అది లేకపోతే తెడ్డు వేసిన ప్రతిసారీ బొంగరంలా తిరుగుతుంది.

రంగు

ఎపాక్సీకి ఎండ శత్రువు. రంగు లేకుండా వదిలితే రెండు వేసవుల్లో పసుపెక్కి, సుద్దలా రాలుతుంది. ఆఖరి పొర జిగురు తర్వాత రెండు వారాలు ఆగి, కడిగి, 120 నంబరు కాగితం పట్టి, ఎపాక్సీ ప్రైమర్ వేసి, దాని మీద ఎనామెల్ వేయండి. పచ్చి ఎపాక్సీ మీద నేరుగా ఎనామెల్ వేస్తే వారమైనా ఆరకపోవచ్చు. లేత రంగే వేయండి. ముదురు నీలం బాగుంటుంది కానీ మన ఎండకు చెయ్యి కాలుతుంది, జిగురూ మెత్తబడుతుంది.

తెడ్లు ఏడున్నర అడుగులవి రెండు, ఒక వెదురు గడ. లోతు తక్కువ ఉన్నచోట గడే హాయి.

నీళ్లలో దించే ముందు

ఇంట్లోనే పరీక్ష చేయొచ్చు. పడవను రెండు బల్లల మీద పెట్టి లోపల పది బిందెల నీళ్లు పోసి గంటసేపు ఆగండి. కారేది ఉంటే కింద గచ్చు మీద తెలిసిపోతుంది. నాకు ఒక్క చోట చెమ్మ కనిపించింది, తీగ చిల్లు ఒకటి పూడ్చడం మరిచాను.

చేపలు పట్టడానికి మత్స్యశాఖ దగ్గర లైసెన్సు సంగతి కనుక్కోండి. ఊరి చెరువుల్లో చాలావాటిపై హక్కు మత్స్యకార సహకార సంఘాలదో, వేలం పాడుకున్నవాళ్లదో ఉంటుంది. అడగకుండా వల వేసి గొడవైతే తప్పు మనదే.

బ్యారేజీ గేట్ల దరిదాపులకు వెళ్లకండి. పైన పులిచింతల నుంచి నీళ్లు వదిలితే ప్రవాహం గంటల్లో మారిపోతుంది. 2017 నవంబరు 12న పవిత్ర సంగమం దగ్గర కిక్కిరిసిన పడవ తిరగబడి ఇరవై మందికి పైగా పోయిన సంగతి ఈ చుట్టుపక్కల ఎవరూ మరిచిపోలేదు. లైఫ్ జాకెట్ పడవలో ఉంటే చాలదు, ఒంటి మీద ఉండాలి. 2024 సెప్టెంబరు వరదల్లో కట్లు తెంచుకున్న పెద్ద పడవలు కొట్టుకొచ్చి ప్రకాశం బ్యారేజీ గేట్లను ఢీకొన్నాయి. మనది 60 కిలోలదే, అయినా వరద హెచ్చరిక వినగానే రేవులో కట్టి ఉంచకుండా ఇంటికి తెచ్చేయండి. ఇద్దరు మోయగలిగే పడవ కట్టుకున్నది ఇందుకే.

మొదటిసారి మనుషుల బదులు ఇసుక బస్తాలు పెట్టి ఒడ్డున తాడు పట్టుకుని తేల్చాం. మునక లెక్క కంటే ఒక సెంటీమీటరు ఎక్కువ వచ్చింది, జిగురు కాస్త ధారాళంగా వాడినట్టున్నాను. మా అమ్మ పట్టుదల మీద గంగమ్మకు కొబ్బరికాయ కొట్టాక వడ్రంగీ నేనూ ఎక్కాం. ఆ రోజు పడ్డవి రెండు జెల్లలు.

ఇంటికి తెచ్చాక మంచినీళ్లతో కడిగి, నీడలో, నేలకు తగలకుండా రెండు దుంగల మీద బోర్లించండి. టార్పాలిన్ కప్పితే గాలి ఆడేలా కప్పండి. గీత పడి చెక్క కనిపించిన చోట ఎండలో రెండు రోజులు ఆరబెట్టి, కాగితం పట్టి, అదే వారంలో జిగురు పెట్టేయండి. దానికోసం రెసిన్ ఒక అరకిలో దాచుకోండి, హార్డెనర్ మూత బిగించి చల్లటి చోట, పిల్లలకు అందనంత ఎత్తులో.